థామస్ కప్ 2022: ఫస్ట్ సింగిల్స్ మూడుసార్లు ఓడినా కప్పు మనకెలా వచ్చింది?

మీరు అడిగినవి మూడు. 2022 మేలో బ్యాంకాక్‌లో మన పురుషుల బ్యాడ్మింటన్ జట్టు థామస్ కప్ గెలిచినప్పుడు, జట్టులో నంబర్ వన్‌గా దిగిన లక్ష్య సేన్ మూడు మ్యాచ్‌లు ఓడిపోయాడు కదా, మరి గెలుపు ఎలా సాధ్యమైంది, అది అదృష్టం కాదా అన్నది మొదటిది. దాన్ని క్రికెట్‌లో 1983తో పోల్చడం అతి కాదా అన్నది రెండోది. పన్నెండేళ్ల మీ అబ్బాయిని కోచ్ డబుల్స్ వైపు మారమంటున్నాడు, ఒప్పుకోవాలా అన్నది మూడోది. మొదటిదానికే ఎక్కువ చోటు తీసుకుంటాను, ఎందుకంటే మూడోదానికి జవాబు కూడా సగం అందులోనే ఉంది.

జిల్లా, రాష్ట్ర స్థాయి టీమ్ ఛాంపియన్‌షిప్పులకు జట్లను తీసుకెళ్లి, బెంచ్ మీద కూర్చుని గోళ్లు కొరుక్కున్నవాణ్ని కాబట్టి ఒక మాట ముందే చెబుతాను. టీమ్ ఈవెంట్ స్కోర్‌కార్డును సింగిల్స్ టోర్నమెంట్ డ్రా చదివినట్టు చదవకూడదు. అక్కడ గొప్ప ఆటగాడు ఎవరన్నది కాదు లెక్క, ఐదు మ్యాచ్‌ల్లో మూడు ఎక్కడ దొరుకుతాయన్నదే.

ముందు పద్ధతి. రెండు దేశాల మధ్య జరిగే పోటీని టై అంటారు. ఒక్కో టైలో ఐదు మ్యాచ్‌లు: మూడు సింగిల్స్, రెండు డబుల్స్. మామూలుగా ఫస్ట్ సింగిల్స్, ఫస్ట్ డబుల్స్, సెకండ్ సింగిల్స్, సెకండ్ డబుల్స్, చివరగా థర్డ్ సింగిల్స్ వరసలో నడుస్తాయి. గ్రూప్ దశలో ఫలితం తేలిపోయినా ఐదూ ఆడిస్తారు. నాకౌట్‌లో మాత్రం ఎవరికి మూడు రాగానే అక్కడితో ఆపేస్తారు. అసలు కిటుకు ఏమిటంటే, ఎవరిని ఎక్కడ దింపాలన్నది కోచ్ ఇష్టం కాదు. ప్రపంచ ర్యాంకు ప్రకారం దింపాల్సిందే. మన వీధి టోర్నమెంట్లలో చేసినట్టు, అవతలి నంబర్ వన్ మీదకి మనవాళ్లలో బలహీనుణ్ని బలిచ్చి, మిగతా రెండూ కొట్టుకుపోదామంటే కుదరదు.

అప్పటి ర్యాంకులు చూడండి. లక్ష్య 9, కిదాంబి శ్రీకాంత్ 11, హెచ్.ఎస్. ప్రణయ్ 23. డబుల్స్‌లో సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి జోడీ 8. సెకండ్ డబుల్స్‌కి ఎం.ఆర్. అర్జున్, ధ్రువ్ కపిల ఒక జోడీ. మన తెలుగు కుర్రాళ్లు గారగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్ మరో జోడీ. సింగిల్స్‌లో అదనంగా ప్రియాంశు రజావత్. మొత్తం పదిమంది.

ఇందులో మన బలం ఎక్కడుందో కనిపించిందా? 9, 11 బాగానే ఉన్నాయి కానీ అవి అందరికీ ఉంటాయి. డెన్మార్క్‌కి ప్రపంచ నంబర్ వన్ విక్టర్ అక్సెల్సన్ ఉన్నాడు, మూడో ర్యాంకు ఆంటోన్సెన్ ఉన్నాడు. ఇండోనేషియాకి 5, 8 ర్యాంకుల్లో గింటింగ్, క్రిస్టీ ఉన్నారు. కానీ చివరి సింగిల్స్‌లో ప్రణయ్ లాంటి మనిషిని కూర్చోబెట్టగల జట్లు తక్కువ. అతని ర్యాంకు 23, ఆట మాత్రం మొదటి పదిమందిలోది. పెద్దపెద్ద ఛాంపియన్లను ఓడించడం అతనికి ముందునుంచీ అలవాటే. అంటే ర్యాంకు నిబంధన మనకి అనుకోకుండా మేలు చేసింది. 2-2 దగ్గరికి టైని లాక్కెళ్తే చాలు, ఆఖరి మ్యాచ్ మన చేతిలో ఉన్నట్టే.

ఇక ఫలితాలు. గ్రూప్‌లో జర్మనీని 5-0, కెనడాను 5-0తో కొట్టాం. వీటి గురించి చెప్పుకోవాల్సింది పెద్దగా లేదు. మూడో టైలో చైనీస్ తైపీ చేతిలో 2-3తో ఓడాం. చాలామంది దాన్ని మరిచిపోతారు, నాకు మాత్రం ఈ టోర్నీలో అన్నిటికంటే పాఠం చెప్పే టై అదే.

తైపీ మీద: ఫస్ట్ సింగిల్స్‌లో లక్ష్య చౌ తియెన్ చెన్‌తో మూడు గేములు ఆడి ఓడాడు. ఫస్ట్ డబుల్స్ ఓడాం. శ్రీకాంత్ గెలిచాడు. సెకండ్ డబుల్స్ ఓడాం. ప్రణయ్ గెలిచాడు. ఓటమి, ఓటమి, గెలుపు, ఓటమి, గెలుపు.

ఇప్పుడు క్వార్టర్‌ఫైనల్, మలేషియా మీద: లక్ష్య ఓటమి, సాత్విక్-చిరాగ్ గెలుపు, శ్రీకాంత్ గెలుపు, సెకండ్ డబుల్స్ ఓటమి, ప్రణయ్ గెలుపు. సెమీస్, డెన్మార్క్ మీద: లక్ష్య ఓటమి, సాత్విక్-చిరాగ్ గెలుపు, శ్రీకాంత్ గెలుపు, సెకండ్ డబుల్స్ ఓటమి, ప్రణయ్ గెలుపు. అచ్చుగుద్దినట్టు ఒకటే వరస.

మూడు టైలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఒక్క గడిలోనే ఉంది. ఫస్ట్ డబుల్స్. అది ఓడిన రోజు 2-3, గెలిచిన రోజు 3-2. మీరు అడిగిన 'నంబర్ వన్ ఓడినా ఎలా' అన్నదానికి సూటి జవాబు ఇదే. ఫస్ట్ సింగిల్స్ పోతుందని లెక్క వేసుకున్నా జట్టు నిలబడగలిగింది, కారణం దాని వెనకే దిగే సాత్విక్, చిరాగ్. 0-1తో వెనకబడ్డ బెంచ్‌లో ఒక రకమైన నిశ్శబ్దం ఉంటుంది. ఆ నిశ్శబ్దం 0-2 అయ్యాక టెన్షన్‌గా మారుతుంది. దాన్ని 1-1 చేసి ఇచ్చే జోడీ ఉంటే, తర్వాత దిగే శ్రీకాంత్ తన ఆట తాను ఆడుకోగలడు. లేదంటే ప్రతి షటిల్‌కీ దేశాన్ని మోస్తూ ఆడాలి.

లక్ష్య విషయంలో ఒక న్యాయం చెప్పాలి. ఆ కుర్రాడు టోర్నీ ముందు ఫుడ్ పాయిజనింగ్‌తో నీరసపడి ఉన్నాడు. కెనడా టైలో అతనికి విశ్రాంతి ఇచ్చారు. ఓడింది కూడా ఎవరి చేతిలో? చౌ తియెన్ చెన్, లీ జీ జియా, అక్సెల్సన్. లీ జీ జియాతో మొదటి గేమ్ 21-23 దాకా పోరాడాడు, రెండో గేమ్‌లో 9-21తో కాళ్లు ఆగిపోయాయి. అక్సెల్సన్ మీద 13-21, 13-21. ఇవి సిగ్గుపడాల్సిన ఓటములు కావు. ఫస్ట్ సింగిల్స్ ఆడేవాడికి ప్రతి రోజూ అవతలి దేశపు అత్యుత్తమ ఆటగాడే ఎదురవుతాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని గెలుపోటముల సంఖ్యతో కొలవడం అన్యాయం.

మే 12న జరిగిన మలేషియా టై గురించి కొంచెం. సాత్విక్-చిరాగ్ 21-19, 21-15తో గో సె ఫీ, నూర్ ఇజుద్దీన్‌ను ఓడించారు. శ్రీకాంత్ 21-11, 21-17తో ఎన్‌జీ జె యోంగ్‌ను తేలిగ్గా దాటాడు. కృష్ణప్రసాద్, విష్ణువర్ధన్ 19-21, 17-21తో ఆరోన్ చియా, తియో ఈ యీ చేతిలో ఓడారు. ఈ స్కోర్‌ని తేలిగ్గా తీసుకోకండి. ఆరోన్ చియా టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచినవాడు. అతని ముందు ఇంకా పెద్ద వేదిక చూడని ఇద్దరు కుర్రాళ్లు మొదటి గేమ్‌ని 19 దాకా తెచ్చారు. 2-2. ప్రణయ్ 21-13, 21-8తో లియోంగ్ జున్ హావోని పంపించేశాడు. దాంతో ఏదో ఒక పతకం ఖాయం. సెమీస్‌లో ఓడిన రెండు జట్లకూ కాంస్యం ఇస్తారు కాబట్టి.

మరుసటి రోజే డెన్మార్క్. నన్నడిగితే కప్పు నిజంగా గెలిచింది ఈ రాత్రే. అక్సెల్సన్ పని పూర్తి చేసుకుని వెళ్లిపోయాక సాత్విక్, చిరాగ్‌లకి కిమ్ ఆస్ట్రప్, మథియాస్ క్రిస్టియాన్సెన్ ఎదురయ్యారు. 21-18, 21-23, 22-20. ఆ మూడు అంకెల వరస చాలు, ఎంత దగ్గరగా నడిచిందో తెలుస్తుంది. అప్పటి మన డబుల్స్ కోచ్ మథియాస్ బో కూడా డెన్మార్క్ వాడే, 2012 లండన్ ఒలింపిక్స్ డబుల్స్ రజత పతక విజేత. తన దేశపు జోడీ ఎలా ఆలోచిస్తుందో అతనికంటే బాగా ఎవరికి తెలుస్తుంది? తర్వాత శ్రీకాంత్ 21-18, 12-21, 21-15తో ఆంటోన్సెన్‌ని ఓడించాడు. రెండో గేమ్‌లో చేతులెత్తేసినట్టు కనిపించి మూడో గేమ్‌లో తిరిగొచ్చాడు. శ్రీకాంత్ ఆట గురించి తెలిసినవాళ్లకి ఆ 12-21 చూస్తే గుండె జారుతుంది. ఎందుకంటే ఒకసారి లయ పోతే అతనికి మ్యాచ్ మొత్తం చేజారిన రోజులు చాలానే ఉన్నాయి. ఆ రోజు అలా కాలేదు.

సెకండ్ డబుల్స్ 14-21, 13-21. మళ్లీ 2-2. మళ్లీ ప్రణయ్. ఎదురుగా 13వ ర్యాంకు రాస్మస్ గెమ్కె.

మొదటి గేమ్ మొదట్లోనే ప్రణయ్ కాలు జారి చీలమండ మెలిక పడింది. మెడికల్ టైమ్‌అవుట్ తీసుకున్నాడు. ఆట మళ్లీ మొదలయ్యాక కూడా నొప్పి ముఖంలోనే కనిపిస్తోంది. మొదటి గేమ్ 13-21తో పోయింది. ఆ స్థితిలో ఆటగాడు చేసే పొరపాటు ఏమిటంటే, కదలలేనన్న భయంతో ప్రతి షాట్‌నీ విన్నర్ కొట్టాలని చూడడం. ప్రణయ్ అలా చేయలేదు. రెండో గేమ్ నుంచి షటిల్‌ని త్వరగా అందుకుని, గెమ్కెని వెనక్కి నెట్టి, పరుగు భారం అతని మీదకి మార్చాడు. 21-9. మూడోది 21-12. మెలిక పడ్డ కాలితో, ప్రపంచ పదమూడో ఆటగాడి మీద, దేశం మొదటిసారి ఫైనల్ చేరాలంటే గెలిచి తీరాల్సిన మ్యాచ్‌లో, ఆఖరి రెండు గేముల్లో ఇచ్చింది మొత్తం 21 పాయింట్లు. ఇలాంటి అంకెలు కనిపించినప్పుడు అదృష్టం అన్న మాట నాకు నోటికి రాదు.

థర్డ్ సింగిల్స్ ఆడేవాడి కష్టం బయటివాళ్లకి తెలియదు, అందుకని ఇంకో మాట. ఐదు మ్యాచ్‌ల టై గంటల తరబడి నడుస్తుంది. నాకౌట్‌లో తన వంతు వస్తుందో రాదో తెలియదు. వస్తే మాత్రం 2-2 మీదే వస్తుంది. ఎప్పుడు తినాలి, ఎప్పుడు వార్మప్ మొదలుపెట్టాలి, సెకండ్ డబుల్స్ మూడో గేమ్‌కి వెళ్తే మళ్లీ ఒళ్లు చల్లబడకుండా ఏం చేయాలి అన్నవి తేల్చుకోవడమే ఒక విద్య. జూనియర్ జట్లలో చూస్తుంటాను, బాగా ఆడే పిల్లవాడే బెంచ్ మీద అరిచి అరిచి, ప్రతి పాయింట్‌కీ లేచి గంతులేసి, తన మ్యాచ్ వచ్చేసరికి ఖాళీ అయిపోతాడు. ప్రణయ్ ఆ టోర్నీలో కోర్టులోకి దిగిన ప్రతిసారీ గెలిచాడు. ఫైనల్లో మాత్రం అతని అవసరమే రాలేదు.

ఫైనల్ మే 15, ఇంపాక్ట్ అరీనా. ఎదురుగా ఇండోనేషియా. పద్నాలుగుసార్లు ఛాంపియన్, అంతకుముందు ఏడాది డెన్మార్క్‌లో గెలిచి టైటిల్ చేతిలో పెట్టుకుని వచ్చిన జట్టు. ఈ టోర్నీలో అప్పటిదాకా ఒక్క టై కూడా ఓడలేదు, క్వార్టర్స్‌లో చైనాని 3-0తో ఊడ్చేసింది. మన 3-0 చూసి 'ఏకపక్షంగా గెలిచాం' అని రాసినవాళ్లు స్కోర్లు చదవలేదు.

లక్ష్య మొదటి గేమ్ 8-21. గింటింగ్ నెట్ దగ్గర ఎంత వేగంగా ఉంటాడో తెలిసిందే. అలా ఆడితే పది నిమిషాల్లో టై మనకి 0-1. నాకౌట్‌లో రెండు ఓటములు, ఇప్పుడు ఈ 8-21. ఇరవై ఏళ్ల కుర్రాడికి అక్కడి నుంచి లేవడం మాటలు కాదు. లక్ష్య ర్యాలీలు పొడిగించాడు, గింటింగ్‌కి ఇష్టమైన ముందు కోర్టుకి షటిల్ అందకుండా వెనక్కి పంపాడు, డిఫెన్స్‌లో అడ్డంగా పడి లేచాడు. 21-17, 21-16. మూడుసార్లు ఓడినవాడే టోర్నీలో అతి ముఖ్యమైన రోజున మొదటి దెబ్బ కొట్టాడు. మీ ప్రశ్నలో ఈ సంగతి లేదు, అందుకే గుర్తు చేస్తున్నా.

తర్వాత సాత్విక్-చిరాగ్, మహ్మద్ అహ్సాన్-కెవిన్ సంజయ మీద. మొదటి గేమ్ 18-21తో పోయింది. రెండో గేమ్‌లో 17-20. అంటే అవతలివాళ్లకి వరసగా మూడు మ్యాచ్ పాయింట్లు, వాటిలో ఒక్కటి గెలిచినా మ్యాచ్ వాళ్లదే. మూడూ కాపాడుకుని 20-20 చేశారు. తర్వాత 20-21, నాలుగో మ్యాచ్ పాయింట్. అదీ కాపాడుకుని 23-21తో గేమ్ లాక్కున్నారు. మూడోది 21-19. ఆ నాలుగు పాయింట్లలో ఒక్కటి అటు వెళ్లినా స్కోరు 1-1. తర్వాత శ్రీకాంత్ జొనాథన్ క్రిస్టీని ఓడించినా, సెకండ్ డబుల్స్‌లో ఫజర్ అల్ఫియాన్, రియాన్ అర్దియాంతో కాచుకుని ఉన్నారు. అప్పుడు మళ్లీ 2-2, మళ్లీ మెలిక పడ్డ కాలితో ప్రణయ్. ఆ దృశ్యం ఊహించుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

శ్రీకాంత్ 21-15, 23-21. రెండో గేమ్ ఆఖర్లో ఇద్దరూ ఊపిరాడనివ్వకుండా ఆడారు. చివరి షటిల్ అవతల పడగానే బెంచ్ మొత్తం కోర్టులోకి పరుగెత్తింది. టోర్నీ మొత్తంలో శ్రీకాంత్ ఆడిన ఆరు మ్యాచ్‌లూ గెలిచాడు. ఆరుకి ఆరు. టీవీల్లో ప్రణయ్ చీలమండ, సాత్విక్ స్మాష్ ఎక్కువ కనిపించాయి గానీ, ఆరు టైల్లోనూ దిగి ఒక్క మ్యాచ్ కూడా ఓడనివాడు శ్రీకాంత్ ఒక్కడే. 2018లో ప్రపంచ నంబర్ వన్ అయి, తర్వాత గాయాలతో కిందకి జారి, టోక్యో ఒలింపిక్స్‌కి అర్హత కూడా దక్కక, 2021 డిసెంబర్‌లో స్పెయిన్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ రజతంతో మళ్లీ లేచినవాడు. గుంటూరు కుర్రాడని చెప్పి నేను పక్షపాతం చూపిస్తున్నానంటే చూపిస్తున్నాననే అనుకోండి.

ఇక అదృష్టం. అస్సలు లేదని అనను. ఇండోనేషియాకి మార్కస్ గిడియాన్ గాయంతో అందుబాటులో లేడు. కెవిన్-గిడియాన్ ఏళ్ల తరబడి ప్రపంచ నంబర్ వన్ జోడీ. కెవిన్‌ని మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన అహ్సాన్‌తో కలిపి దింపారు. ఇద్దరూ మహామహులే, జోడీగా మాత్రం కొత్త. మలేషియాకి ఆరోన్ చియా భాగస్వామి సోవ్ వూయ్ యిక్ లేడు. చైనా షి యూచీ లేకుండా వచ్చింది. వీళ్లంతా ఉంటే దారి ఇంకా ఇరుకయ్యేది. అయితే మనమూ లక్ష్య నీరసం, ప్రణయ్ కాలు మోసుకుంటూనే వచ్చాం. ఎనిమిది రోజుల టోర్నీలో అందరూ పూర్తి ఆరోగ్యంతో ఉండే జట్టు నేనెప్పుడూ చూడలేదు.

ఆ గెలుపు ఎంత సన్నటి గీత మీద నడిచిందో తెలియాలంటే మూడు నెలలు ముందుకి వెళ్లండి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల మిక్స్‌డ్ టీమ్ ఫైనల్లో అదే మలేషియా మనల్ని 3-1తో ఓడించింది. బ్యాంకాక్‌లో శ్రీకాంత్ చేతిలో తేలిగ్గా ఓడిన ఎన్‌జీ జె యోంగ్, అక్కడ శ్రీకాంత్‌ని టీమ్ ఫైనల్లో ఒకసారి, వ్యక్తిగత సెమీస్‌లో మరోసారి ఓడించాడు. ఈ స్థాయిలో ఆటగాళ్ల మధ్య తేడా అంతే. ఎవరు ఏ వారం పదునుగా ఉన్నారన్నది కూడా ఆటలో భాగమే, దాన్ని అదృష్టమని పక్కన పెట్టేయలేం.

ఇది మన ఒక్క జట్టు కథే కాదని చూపించడానికి అదే వేదిక మీద, మన ఫైనల్‌కి ముందు రోజు జరిగిన ఉబెర్ కప్ ఫైనల్ చాలు. మహిళల విభాగంలో కొరియా, చైనా. కొరియా ఆశలన్నీ పెట్టుకున్న ఆన్ సె యంగ్ ఫస్ట్ సింగిల్స్‌లో చెన్ యు ఫీ చేతిలో మూడో గేమ్ 20-22తో ఓడిపోయింది. అయినా టై 2-2కి వచ్చింది. ఆఖరి సింగిల్స్‌లో ర్యాంకుల్లో బాగా వెనకున్న సిమ్ యు జిన్, వాంగ్ ఝి యీ మీద 28-26, 18-21, 21-8తో గెలిచింది. కప్పు కొరియాది. నంబర్ వన్ ఓడింది, నంబర్ త్రీ గెలిపించింది. మన అమ్మాయిలు ఆ టోర్నీలో క్వార్టర్స్‌లో థాయ్‌లాండ్ చేతిలో 0-3తో ఆగిపోయారు. సింధు తర్వాత ఎవరన్న ప్రశ్నకి అప్పట్లో మన దగ్గర జవాబు లేకపోవడమే కారణం.

పురుషుల జట్టుకీ అలాంటి లోటు ఒకటుంది: సెకండ్ డబుల్స్. బ్యాంకాక్‌లో బలమైన జట్లతో ఆడిన మూడుసార్లూ అది ఓడాం. గెలిచిన సంబరంలో ఎవరూ పట్టించుకోలేదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల టీమ్ ఫైనల్లో చైనా మీద లక్ష్య గెలిచాడు, సాత్విక్-చిరాగ్ గెలిచారు. 2-0. ఇంకొక్కటి చాలు. శ్రీకాంత్ మొదటి గేమ్ 22-24తో చేజార్చుకుని ఓడాడు. సెకండ్ డబుల్స్‌లో మనవాళ్లు మొదటి గేమ్‌లో ఆరు పాయింట్లే చేశారు. వెన్నునొప్పితో ప్రణయ్ బెంచ్ మీదే ఉండిపోయాడు, ఆఖరి సింగిల్స్‌లో మిథున్ మంజునాథ్ నిలవలేకపోయాడు. 2-0 నుంచి 2-3. స్వర్ణం రజతమైంది. ప్రణయ్ కుర్చీ ఖాళీ అయితే ఆ జట్టు ఏమవుతుందో ఆ సాయంత్రం తెలిసింది. 2024లో చెంగ్డూ థామస్ కప్‌లో టైటిల్ నిలబెట్టుకోవడానికి వెళ్లి క్వార్టర్స్‌లో చైనా చేతిలోనే 1-3తో వెనక్కి వచ్చాం. అక్కడ సాత్విక్-చిరాగ్ కూడా ఓడారు. తైపీ టై గుర్తుందిగా? ఫస్ట్ డబుల్స్ పోతే మన లెక్కంతా కూలుతుంది.

రెండో ప్రశ్న, 1983. నాకు ఇలాంటి పోలికల మీద పెద్ద ఆసక్తి లేదు, అయినా అడిగారు కాబట్టి. 1949లో మొదలైన ఈ కప్పుని 2022 దాకా గెలిచినవి ఐదే దేశాలు: ఇండోనేషియా, చైనా, మలేషియా, 2014లో జపాన్, 2016లో డెన్మార్క్. ఆరోది మనం. అంతకుముందు మనం సెమీస్ దాకా వెళ్లింది 1952, 1955, 1979ల్లో మాత్రమే. ప్రకాశ్ పదుకొణె రోజుల్లో కూడా ఫైనల్ చూడలేదు, ఆనాటి టైలో తొమ్మిది మ్యాచ్‌లుండేవి, ఒకరిద్దరు గొప్పవాళ్లుంటే సరిపోయేది కాదు. ఆడే దేశాల సంఖ్య, పోటీ చూస్తే 1983 కంటే ఇది కష్టమైన కప్పే అంటాను. దేశం మీద ప్రభావం అంటారా, పోలికే లేదు. ఆ మధ్యాహ్నం మా వీధిలో టపాసులు కాల్చింది అకాడమీకి వెళ్లే పిల్లలున్న ఇళ్లే.

ఇక మీ అబ్బాయి. డబుల్స్ అంటే సింగిల్స్‌కి పనికిరానివాళ్ల కోసం అన్న పాత ఆలోచన మీ ప్రశ్నలో కొంచెం కనిపించింది. ఇరవై ఏళ్ల కిందట అయితే మీతో ఏకీభవించేవాణ్నేమో. సాత్విక్ అమలాపురం కుర్రాడు, తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. గోపీచంద్ అకాడమీకి వచ్చాక, మలేషియా కోచ్ తాన్ కిమ్ హర్ అతన్ని ముంబై కుర్రాడు చిరాగ్‌తో కలిపాడు. ఇద్దరూ వెనక నుంచి బాదే రకమే, మరి ముందు ఎవరుండాలి? మొదట్లో ఇద్దరికీ ఆ ఏర్పాటు నచ్చలేదు. చిరాగ్ నెట్ దగ్గర ఆడడం నేర్చుకున్నాడు, సాత్విక్ కూడా సర్వ్, రిసీవ్ మెరుగుపరుచుకున్నాడు. ఆ జోడీయే థామస్ కప్ తర్వాత ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం, 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్, ఇండోనేషియా ఓపెన్, ఆసియా క్రీడల స్వర్ణం గెలిచి ప్రపంచ నంబర్ వన్ అయింది. సాత్విక్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్లని గిన్నిస్ రికార్డు కూడా ఉంది, అయితే అది ప్రయోగంగా కొలిచినది, మ్యాచ్‌లోది కాదు. పిల్లలు ఆ అంకె చూసి భుజాలు పాడుచేసుకుంటున్నారు, మీవాడికి ముందే చెప్పండి.

పన్నెండేళ్లకే సింగిల్స్ పూర్తిగా మాన్పించమని మాత్రం అనను. ఫుట్‌వర్క్, ఓపిక, వెనక కోర్టు నుంచి నాలుగు మూలలకీ కొట్టగలగడం సింగిల్స్‌లోనే వస్తాయి. పదిహేను దాకా రెండూ ఆడనివ్వండి, వారంలో రెండు మూడు సెషన్లు డబుల్స్‌కి కేటాయించమని కోచ్‌ని అడగండి. అందులో షార్ట్ సర్వ్, సర్వ్ రిసీవ్ విడిగా చేయిస్తున్నారా లేదా అన్నది గమనించండి. మన ఊళ్లలో డబుల్స్ ప్రాక్టీస్ అంటే నలుగురిని కోర్టులోకి దింపి గేమ్ ఆడించి పంపించేయడమే చాలాచోట్ల. అలాగైతే మారినా మారకపోయినా ఒకటే. భాగస్వామిని ఇప్పుడే ఖాయం చేయకండి, ఆ వయసులో పిల్లలు ఒక్కో ఏడాది ఒక్కోలా ఎదుగుతారు.

ఇవన్నీ మాటల్లో కంటే చూస్తే బాగా ఎక్కుతాయి. ఆ ఫైనల్లో డబుల్స్ మ్యాచ్ వీడియో దొరుకుతుంది, వాడితో కూర్చుని రెండో గేమ్ 17-20 నుంచి చూడండి. స్మాష్‌లు చూడొద్దనండి. ప్రతి పాయింట్‌కీ సర్వ్ ఎక్కడ పడింది, రిసీవ్ చేసేవాడు రాకెట్ ఎంత ఎత్తులో పట్టుకున్నాడు, మూడో షాట్ ఎవరు కొట్టారు, ఈ మూడే రాసుకోమనండి. రాసింది కోచ్‌కి చూపించమనండి. ఆయన దాని మీద అరగంట మాట్లాడితే మీరు సరైన చోటే ఉన్నారు.